తోడు కుర్చీ

కిందటి వారం బేకరీ మాస్టరును ఆసుపత్రి అద్దాల తలుపు బయట నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు.

పొయ్యిలో రొట్టెలు పెట్టి, వాటిని ఎవరు తీస్తారో కూడా చూడకుండా, పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. మరదలు నోరు జారడమే దానికి కారణం. “అక్కను గేటు దగ్గర దించి నేను వెళ్ళిపోతున్నా బావా. లోపల తోడు కూర్చునేది నేను కాదు,” అంది. “మరెవరు?” అంటే, “నన్నడక్కు,” అని ఫోను పెట్టేసింది.

అక్కడి పద్ధతి ఇది. రొమ్ము క్యాన్సరుకు మందెక్కించే హాల్లో రోగికొక పడక కుర్చీ. దాని పక్కనే తోడు వచ్చినవాళ్ళకు ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఒకరికి ఒకరే తోడు. ఆ తోడు మెడలో పచ్చ కార్డు ఉండాలి. మాస్టరు భార్యకు ఎడమ రొమ్ము తీసేసి, గాయం మానాక మందు మొదలుపెట్టారు. మొదటి రెండుసార్లూ పచ్చ కార్డు మాస్టరు మెడలోనే ఉంది. ఆ తర్వాత ఆమె, “మీరు పొయ్యి చూసుకోండి, చెల్లి వస్తుందిలెండి,” అంది. మాస్టరు నమ్మాడు.

ఇప్పుడు ఆ కార్డు ఎవడో మగవాడి మెడలో ఉంది.

మాస్టరు అద్దానికి ముక్కు ఆనించాడు. ఆ మనిషి తనకంటే కాస్త పెద్దవాడే. తలకు టోపీ, టోపీ కింద నున్నటి గుండు, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా. ఈ వయసులో ఈ షోకేమిటి, అనుకున్నాడు. ఆ షోకురాయుడు స్టీలు గిన్నెలోంచి చెంచాతో ఐసుముక్క తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. మందెక్కుతున్నంతసేపూ ఐసు చప్పరిస్తే నోరు పూయదని డాక్టరు చెప్పిన సంగతి మాస్టరుకూ తెలుసు. ఆమె నోరు తెరిచింది.

తెరిచింది! ఇంట్లో తను పాలగ్లాసు పట్టుకెళితే ముఖం గోడవైపు తిప్పుకునే మనిషి. “అక్కడ పెట్టండి, తర్వాత తాగుతా,” అంటుంది. తను గది దాటితేగాని గ్లాసు ముట్టదు. ఇక్కడ మాత్రం గూట్లో పిట్టలా నోరు తెరిచింది.

ఆ మనిషి ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. ఐసు పడిపోకుండా చేతితో నోరు మూసుకుని మరీ నవ్వింది. మాస్టరుకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు చూసి ఎంత కాలమైంది! ఆ మాటేమిటో తెలిస్తే ఇంటికెళ్ళి తనూ అనేవాడు.

తలుపు తోశాడు. సిస్టరు అడ్డం వచ్చింది.

“కార్డు?”

“నేను ఆవిడ భర్తను.”

“మంచిది. కార్డు?”

“కార్డు వాడి మెడలో ఉంది.”

“అయితే తోడున్నట్టే కదండీ. ఒకరికి ఒకరే.”

“మొగుణ్ణమ్మా నేను!”

“అరవకండి. లోపల చాలామందికి మొగుళ్ళున్నారు. అందరూ వస్తే నేనెక్కడ నిలబడాలి?”

తలుపు ముఖం మీదే మూసుకుంది. మాస్టరు వరండాలో అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండగా తలుపు మళ్ళీ తెరుచుకుని ఆ మనిషే బయటికి వచ్చాడు. చేతిలో ఖాళీ గిన్నె. వరండా చివర ఐసుపెట్టె దగ్గరికి నడిచాడు. మాస్టరు వెనకే వెళ్ళాడు.

“బాగా ముదిరిందే సేవ,” అన్నాడు.

ఆ మనిషి వెనక్కి తిరిగి, మాస్టరు ముంజేతుల మీద ఆరిపోయిన పిండి చూశాడు.

“మాస్టరుగారు కదూ? మీ గురించి ఆవిడ చాలా చెప్పింది.”

“నా గురించి నీకు చెప్పింది. నీ గురించి నాకు ఒక్క ముక్క చెప్పలేదే?”

“చెప్పొద్దని నేనే అన్నాను.”

పరాయి మగవాడు మొగుడి ముఖం మీద ఈ మాట అంటే ఏమవుతుందో అదే అయింది. మాస్టరు అతని కాలరు పట్టుకున్నాడు. టోపీ కింద పడింది. గిన్నె గోడకు కొట్టుకుంది. ఆ మనిషి ఎదురు చెయ్యి ఎత్తలేదు. అరచెయ్యి మాత్రం ఛాతీ మీద ఎడమ పక్కన అడ్డం పెట్టుకున్నాడు, జనంలో చంటిబిడ్డకు దెబ్బ తగలకుండా కాచుకున్నట్టు.

“మెల్లిగా మాస్టరుగారూ. ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది.”

“పిలుపుదేముంది? నా కొట్టుకొచ్చే ప్రతివాడూ నన్ను మాస్టరంటాడు. నేనేమైనా పాఠాలు చెప్తున్నానా? నీ పెళ్ళాం ఏ కుర్చీలో ఉందో అక్కడికి పో. ఆవిడకి పెట్టు ఐసు.”

“మా ఆవిడ ఇంట్లో ఉంది. దానికేం, రాయిలా ఉంది.”

“మరి ఈ ఆడవాళ్ళ హాల్లో నీకేం పని?”

ఆ మనిషి వరండా అంతా ఒకసారి చూశాడు. ఎవరూ లేరని తేల్చుకుని చొక్కా పై గుండీలు రెండు విప్పాడు. ఎడమ చనుమొన లోపలికి పీక్కుపోయి ఉంది. చుట్టూ చర్మం గట్టిపడి ముడతలు పడింది. పక్కనే ముక్క తీసి పరీక్షకు పంపిన గుర్తు. అప్పుడు మాస్టరు అతని ముఖంలోకి సరిగా చూశాడు. కనుబొమలు లేవు. కనురెప్పలకు వెంట్రుక లేదు. షోకు కోసం గీయించుకున్న గుండు కాదది.

“మగవాళ్ళకి కూడా...?”

“నేనూ డాక్టర్ని అలాగే అడిగాను. అరుదుగా వస్తుందన్నాడు. ఆ అరుదు నేనే.” గుండీలు పెట్టుకుంటూ అతను నవ్వాడు. “మొదటిరోజు పడక కుర్చీలో కూర్చోబోతే సిస్టరు లేవమంది. ‘అది రోగులదండీ, మీ ఆవిడ వచ్చేదాకా పక్కదాన్లో కూర్చోండి’ అంది. నాకు నోరు పెగల్లేదు. పక్క పడకలో మీ ఆవిడ ఉంది. ‘సిస్టర్, ఆయనే రోగిలా ఉన్నారు’ అని నా బదులు ఆవిడే చెప్పింది.”

అతను బస్సు డ్రైవరు. మనమూ అలాగే పిలుచుకుందాం. రొమ్ములో గడ్డ అని డిపోలో తెలిస్తే జన్మంతా నవ్వుతారని భయం. ఇంట్లో చెప్పాలంటే నోరు రాలేదు. జుట్టూ కనుబొమలూ రాలితే ఇంజను వేడికి రాలాయని బొంకాడు. డ్యూటీకని బయలుదేరి ఇక్కడికి వచ్చి మందెక్కించుకునేవాడు. ఒకరి మందు రోజున ఇంకొకరు తోడు కూర్చోవడం అతనూ మాస్టరు భార్యా చేసుకున్న ఒప్పందం. అతని మందులు అయిపోయాయి. సోమవారం ఆపరేషను.

ఇక్కడితో మాస్టరు మంట చల్లారిందని రాస్తే నాకు సుఖం, మీకూ సుఖం. కానీ చల్లారలేదు. ఆ మనిషి మీద జాలి కలిగిన మాట నిజమే. టోపీ ఎత్తి దులిపి అతని చేతికిచ్చాడు కూడా. అయితే ఇవ్వగానే మరో మంట లేచింది. ఆమె ఒంట్లోకి ఎక్కిన మందే ఇతని ఒంట్లోకీ ఎక్కింది. ఆమె జుట్టు రాలినట్టే ఇతనిదీ రాలింది. రాత్రి ఎముకల్లో ఎలా పీకుతుందో, మంచినీళ్ళు ఇనుము రుచి ఎలా కొడతాయో ఆమె సగం చెప్పేసరికి మిగతా సగం ఇతనికి అర్థమైపోతుంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన తనకు మాత్రం ఎంత చెప్పినా అర్థం కాదు. జబ్బు మీద అసూయపడే మనిషి ఉంటాడా అంటే, ఆ వరండాలో ఒకడు ఉన్నాడు.

“సరే, నీ ఇంట్లోవాళ్ళకు నువ్వు చెప్పుకోలేదు. ఆమెకు నేనున్నానుగా? నన్నెందుకు దూరం పెట్టింది?”

డ్రైవరు గిన్నె తీసి కడిగి ఐసుముక్కలు నింపాడు. తర్వాత మెడలోంచి పచ్చ కార్డు తీసి గిన్నెతోపాటు అందించాడు.

“అది నేను చెప్పకూడదు. చెప్పనని మాటిచ్చాను. వెళ్ళి కూర్చోండి, ఆవిడే చెప్తుంది. నేనిక్కడే ఉంటా.”

కార్డు మెడలో పడగానే మాస్టరు ఛాతీ విరుచుకున్నాడు. సిస్టరు అడగకముందే, “కార్డు!” అని ఎత్తి చూపించాడు.

ఆమె కళ్ళు మూసుకుని ఉంది. తలకు ఊలు టోపీ, కాళ్ళ మీద దుప్పటి. కుడిచేతికి మందు సీసా గొట్టం.

“దొరికిందా అన్నయ్యా ఐసు?” అంది కళ్ళు తెరవకుండానే.

మాస్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఇంకా ఆమె కళ్ళు తెరవలేదు. ముక్కుపుటాలు మాత్రం కదిలాయి.

“మీరా?”

“నేనే. ఏం, రాకూడదా?”

“పొయ్యి?”

“పొయ్యి సంగతి తర్వాత. నోరు తెరువు.”

ఆమె తెరిచింది. ఐసుముక్క నోట్లో పెట్టుకుని పెదాలు గట్టిగా బిగించింది. కంటి చివర నీళ్ళు నిలిచాయి. చూశావా, నా చేత్తో పెట్టినా తింది, అనుకున్నాడు మాస్టరు. సంతోషం పట్టలేక ముందుకు వంగి దుప్పటి ఆమె భుజాలదాకా లాగబోయాడు.

అంతే. ఆమె ఒక్కసారిగా పక్కకు వంగి వాంతి చేసుకుంది. సిస్టరు ట్రేతో పరుగెత్తుకొచ్చింది. మాస్టరు ఆమె నుదురు పట్టుకున్నాడు. వాంతి ఆగకపోగా ఇంకా ఎక్కువైంది. “తల వెనక్కి పెట్టు, నేనున్నా, నేనున్నా,” అంటూ ఇంకా దగ్గరికి జరిగాడు. ఆపరేషనయ్యాక భుజం దాటి లేవని ఆమె ఎడమచెయ్యి ఇప్పుడు లేచింది. లేచి అతన్ని నెట్టింది.

“కిటికీ దగ్గరికి పోండి. దండం పెడతా, పోండి.”

హాలంతా చూస్తోంది. మాస్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ఊపిరి కుదుటపడింది. సిస్టరు తుడిచి, నీళ్ళు పుక్కిలింపించి వెళ్ళింది.

“అంత అసహ్యమా నేనంటే?” అన్నాడు అక్కడినుంచే.

“మెల్లిగా. అందరూ వింటున్నారు.”

“విననీ. నా దగ్గర లేనిది వాడి దగ్గర ఏముంది? అది చెప్పు చాలు.”

ఆమె పెదాలు తుడుచుకుంది.

“ఆయన దగ్గర ఏమీ లేదండీ. ఏ వాసనా లేదు. అదే కావాల్సింది నాకు.”

“వాసనేంటి?”

“రొట్టె వాసన. పులిసిన పిండి, వెన్న, ఎసెన్సు. మందు మొదలైన దగ్గర్నుంచీ నాకది పడట్లేదు. మీరు వీధి మలుపులో ఉండగానే కడుపులో దేవుతుంది.”

మాస్టరు తన చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. మోచేయి వాసన చూశాడు. అదీ అంతే. జన్మంతా పొయ్యి ముందు నిలబడ్డ ముక్కు అది.

“నాకేం రావట్లేదే!”

“మీకెలా వస్తుంది? మొదటిసారి ఇక్కడికి వేడి బన్ను తెచ్చి నా ముక్కు కింద పెట్టారు. రెండోసారి కేకు తెచ్చారు.”

“నువ్వు బన్ను ముట్టలేదని, రుచి చాలలేదేమోనని కేకులో ఎసెన్సు ఇంకో మూత ఎక్కువేశాను.”

“తెలిసింది.”

ఆ ఒక్క మాట అన్న తీరుకు అతనికి నవ్వు రాబోయి ఏడుపులోకి తిరిగింది.

“రోజూ ఒళ్ళు తోముకునే కదా నీ గదిలోకి వస్తున్నా.”

“సబ్బుతో పోయేదా అది? తలగడలో ఉంది, దుప్పట్లో ఉంది, మీ వేళ్ళ సందుల్లో ఉంది. పెళ్ళయిన కొత్తలో మీకంటే ముందే ఆ వాసన ఇంటికొచ్చేది. లేచెళ్ళి తలుపు తీసేదాన్ని. ఇప్పుడూ ముందే వస్తోంది. లేచెళ్ళి బాత్రూములో కూర్చుంటున్నా.”

మాస్టరు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. చువ్వకు పిండి అంటింది. చెయ్యి తీసి వెనక దాచుకున్నాడు. కడుపులో మంట ఇంకా అలాగే ఉంది, దారి మాత్రం మార్చుకుంది.

“మీ చెల్లికి తెలుసు. ఆ డ్రైవరుకు తెలుసు. ఈ సిస్టరుకు కూడా తెలిసే ఉంటుంది. నాకొక్కడికే చెప్పలేదు.”

“చెప్తే ఏం చేసేవారు?”

“పొయ్యి ఆర్పేసేవాణ్ణి. ఆ పూటే.”

“అందుకే చెప్పలేదు. ఆర్పేసి నా మంచం పక్కన చేతులు కట్టుకుని కూర్చునేవారు. అప్పుడు మీ మొహం ఎవరు చూడాలి? బాగయ్యాక నాకు మళ్ళీ ఆ వాసన కావాలండీ. అప్పటిదాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి. కాస్త దూరంగా.”

ఈ మాటకు మరో మొగుడైతే మెత్తబడిపోయేవాడు. మాస్టరూ మెత్తబడ్డాడు, కానీ పూర్తిగా కాదు. భార్యకు తనమీద ప్రేమ ఉందని తెలిసింది. ఆ ప్రేమ సంగతి తనకంటే ముందు డ్రైవరుకు తెలుసని కూడా తెలిసింది. మొదటిది తేనెలా దిగింది. రెండోది గొంతులో ముల్లై ఆగింది.

ఆమె అతని ముఖం చూసి, ఇదే అదననుకుందో ఏమో, అసలు సంగతి ఎత్తింది.

“సోమవారం అన్నయ్యకు ఆపరేషను. ఆ రోజు దగ్గరి మనిషి ఒకరు ఉండాలన్నారు. ఇవాళ్టి మందు తర్వాత నేను లేచి తిరిగే స్థితిలో ఉండను. మీరు ఉంటారని మాటిచ్చాను.”

“ఎవర్నడిగి?”

“మీ తరఫున మాటిచ్చే హక్కు కూడా లేదా నాకు?”

“నా కుర్చీలో కూర్చున్నవాడికి నేను కాపలా కాయాలా?”

“మీ కుర్చీ ఆయన లాక్కోలేదు. నేనే ఇచ్చాను. కోపమొస్తే నామీద పడండి. ఇంకోటి. ఆయన ఇంట్లో తెలియకూడదు. తెలిస్తే ఆపరేషనే మానుకుని ఎటైనా పోతానంటున్నాడు. అలాంటి మనిషే ఆయన. మీరు నోరు జారకూడదు.”

మాస్టరు ఏదో గట్టిగా అనబోయాడు. ఈలోగా తలుపు దగ్గర గొడవ మొదలైంది.

“జరుగమ్మా!” అంటోంది ఒక ఆడగొంతు.

“కార్డు?” అంటోంది సిస్టరు.

“కార్డేంటి? నా మొగుడెక్కడ?”

“అయ్యో రాత! ఇవాళ అందరూ మొగుళ్ళ గొడవే!”

సిస్టరును తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. దృఢమైన మనిషి. పరుగున వచ్చిందేమో, నుదురంతా చెమట. ఆమె వెనక ఇంకో ఐసుగిన్నెతో డ్రైవరు, పట్టుబడ్డ దొంగలా. గిన్నెలో ముక్కలు గలగలమంటున్నాయి.

“డిపోకెళ్ళి అడిగాను,” అంది ఆవిడ భర్తతో. “ఎన్నాళ్ళనుంచో సెలవులో ఉన్నావట. ఈ హాల్లో ఎవరికో చెంచాతో తినిపిస్తుంటే నీ కండక్టరు చూశాడట. డ్యూటీ డ్యూటీ అని నా చేత రోజూ అన్నం డబ్బా కట్టించుకున్నావే! ఆ డబ్బా ఎవరికి పెడుతున్నావు? ఈవిడకేనా?”

మాస్టరు భార్య తల వంచుకుంది. మాస్టరుకు ఇంకొకటి బోధపడింది. ఇంట్లో పాలు తప్ప ఏమీ ముట్టని మనిషి ఎలా నిలబడుతోందా అని రాత్రుళ్ళు బెంగపడేవాడు. డ్రైవరు పెళ్ళాం కట్టిన డబ్బాతో నిలబడిందన్నమాట.

“ఏమ్మా, జబ్బు మనిషివి, నిన్ను పల్లెత్తు మాట అనలేను,” అంది ఆవిడ. అని, హాల్లో తన మొగుడు కాక నిలబడి ఉన్న ఒకే ఒక్క మగవాడి వైపు, మెడలో పచ్చ కార్డున్న మాస్టరు వైపు తిరిగింది. “నువ్వెవరయ్యా ఈవిడకి?”

“భర్తనమ్మా.”

“మరి నీ పెళ్ళానికి నా మొగుడు చెంచాతో తినిపిస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?”

“ఊరుకోలేదు. కాలరు పట్టుకున్నాను.”

ఆవిడ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గింది.

“పట్టుకుంటే ఏం చెప్పాడు?”

మాస్టరు ఆవిడ ముఖం చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదు. అద్దానికి ముక్కు ఆనించినప్పుడు తన ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది అతనికి.

ఆవిడ భుజం మీదుగా డ్రైవరు కనిపిస్తున్నాడు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. పడక కుర్చీలోంచి భార్య కూడా వద్దు అన్నట్టే ఊపుతోంది. ఇద్దరూ ఒకేలా, ఒకేసారి. చెప్పకుండా దాచినవాళ్ళిద్దరూ అటు. తెలియక కాలిపోయినవాళ్ళిద్దరూ ఇటు.

“చెప్పయ్యా,” అంది ఆవిడ. “నీకేం చెప్పాడు?”

మాస్టరు భార్య వైపు చూడలేదు. డ్రైవరు వైపూ చూడలేదు.

“చెప్తానమ్మా,” అన్నాడు. “కూర్చో.”